నారాయణరావుపేటలో మాయాబజార్

సిద్దిపేట దాటి, వరిచేలు చూచుకుంటూ నారాయణరావుపేటలో మా మామయ్యగారి ఇంటికి చేరాను. మోకాళ్ల నొప్పులతో ఆయన గడప దాటలేరు. అందుకని సురభివారి ‘మాయాబజార్’ నాటకాన్ని టీవీలో పెట్టాము. 1885లో కడప జిల్లా సురభి గ్రామాన ‘కీచకవధ’తో మొదలై, తరతరాలుగా కుటుంబాలే నిలుపుకొస్తున్న కళ గదా ఇది!

నారదుడు ఆకాశాన్నుంచి దిగే వేళ కెమెరా ఆయన ముఖాన్నే చూపింది. రంగస్థలం వింత సగం పోయింది. ఒక పద్యానికి మామయ్య ‘వన్స్‌మోర్’ అన్నారు. వెనక్కి తిప్పాను.

‘‘గదే రాగం, గంతే సేపు! స్టేజీ మీదైతే రెండోసారి ఇంకింత సాగదీస్తుండె అల్లుడా!’’ అన్నారు.

అయినా మంగళం దాకా కదలలేదు. నడవగలవారు నాటకశాలకే వెళ్లాలి. నడవలేనివారికి మాత్రం ఈ పెట్టె చేసే మేలు చిన్నది కాదు.