ఒకటో తారీఖు లెక్క

మా ఇంట్లో జీతం డబ్బు బయటికి వెళ్లడానికి ఒక వరస ఉంది. ముందు దేవుని భాగం, తర్వాత అప్పు, ఆ తర్వాత మా అమ్మ మందులు, అవన్నీ అయ్యాకే ఇంటి ఖర్చు. ఇది ఎవరి ప్రసంగంలోనూ విని రాసుకున్నది కాదు. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి, తగువులాడుకుంటూ, సర్దుకుంటూ మేమిద్దరం తయారుచేసుకున్నది. నేను ఒంగోలు దగ్గర సర్కారు బడిలో సోషల్ టీచర్ని, మా ఆయన ఆర్టీసీ కండక్టరు. రెండు జీతాలొచ్చే ఇల్లు, మీకేం తక్కువ అంటారు చుట్టాలు. రెండు జీతాలొచ్చే ఇంట్లోనే ఎవరి డబ్బు ఎటు పోయిందో తెలియకుండా పోతుంది. వరస లేకపోతే ముందు ఎవరు అడిగితే వాళ్లకు పోతుంది. గట్టిగా అడిగేవాళ్లు ఎప్పుడూ ముందే ఉంటారు.

దేవుని భాగం ముందు తియ్యడం మా అమ్మ దగ్గర చూసిందే. ఆమె మిరపకోతలకూ పొగాకు గ్రేడింగుకూ కూలికెళ్లేది. రాత్రి ఎసట్లో పొయ్యడానికి బియ్యం కొలిచి, అందులోంచి పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న రేకు డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా సంచిలో గుమ్మరించుకుని గుడికి పట్టుకెళ్లేది. సంఘంలో స్త్రీలందరి బియ్యమూ కలిపి అమ్మితే వచ్చిన డబ్బు పాస్టరుగారి జీతంలో చేరేది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున పిడికిలి కాస్త బిగుసుకునేదేమో గానీ తియ్యడం మానేది కాదు. అందరూ తిన్నాక అడుగున మిగిలింది వేస్తే ఏమవుతుందని చిన్నప్పుడు అడిగాను. "మిగిలింది కోళ్లకేస్తాంగా" అంది.

దేవుని భాగమంటే దశమభాగం, రాబడిలో పదోవంతు. అది గ్రాస్ మీద తియ్యాలా, చేతికొచ్చిన దాని మీద తియ్యాలా అన్నది మా సంఘంలో ఎప్పటికీ తెగని పంచాయితీ. నాది సీపీఎస్, అంటే కాంట్రిబ్యూటరీ పెన్షన్. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లకు బేసిక్, డీఏల మీద 10 శాతం జీతం చేతికి రాకముందే కోస్తారు. అంటే ప్రభుత్వం కూడా నా దగ్గర దశమభాగమే తీసుకుంటోంది, అదీ ముందుగానే. నా ముసలితనానికి పదోవంతు ముందే తీసి పక్కన పెట్టనిచ్చి, దేవుడికి మాత్రం మిగిలినదాంట్లో లెక్క కట్టడం నాకు నచ్చలేదు. గ్రాస్ మీదే తీస్తాను. మా ఆయన నెట్ మీద తీస్తాడు. పీఎఫ్ రిటైరయ్యాక ఎలాగూ చేతికొస్తుంది, అప్పుడిస్తానంటాడు. అందులోనూ న్యాయం ఉంది. పుదీనాలోనూ జీలకర్రలోనూ పదోవంతు కొలిచి, న్యాయమూ కనికరమూ వదిలేసిన పరిసయ్యుల మీద యేసు ఎంత కోప్పడ్డాడో గుర్తొస్తే ఇద్దరం ఆ వాదన అక్కడితో ఆపేస్తాం.

ఒకటో తారీఖున జీతం పడగానే ఆ భాగం వేరే బ్యాంకులోని ఖాతాకు దానంతటదే వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టాను. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోలేదు, ఫోన్‌పేకి కలపలేదు. ఆదివారం కానుకల సంచి వరసలో మన దగ్గరికి వచ్చేసరికి పర్సులో వంద నోటు తియ్యాలా, యాభై తియ్యాలా అని తడుముకునే పని లేదు. ఆ నెల మనసు బాగున్నా బాగోకపోయినా, ప్రసంగం నచ్చినా నచ్చకపోయినా ఆ డబ్బు మాత్రం వెళ్లిపోయి ఉంటుంది.

అప్పు సంగతి ఇంత తేలిగ్గా తేలలేదు. మామయ్యగారి గుండె ఆపరేషన్‌కి బయట 2 లక్షలు తెచ్చాం, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 4,000, ఏడాదికి 48,000 కడుతున్నా అసలు అసలుగానే ఉంటుంది. సరిగ్గా అప్పుడే మా మందిరానికి స్లాబు వెయ్యాలని సంఘం తలపెట్టింది. పాస్టరుగారూ పెద్దలూ ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికీ వచ్చారు. వాళ్ల పుస్తకంలో మా పేరుకెదురుగా 25,000 అని పెన్సిల్‌తో ముందే వేసుంది. కాఫీలిచ్చి, నిలబడే చెప్పాను.

"అయ్యగారూ, ఈ మాట అనడానికి నాకే మొహం చెల్లడం లేదండీ. రెండు రూపాయల వడ్డీ కడుతున్నాం. అది తీరేదాకా నెలనెలా ఇచ్చేది తప్ప ఇంకేమీ ఇవ్వలేం."

పెద్దల్లో ఒకాయన "దేవుని పని ముందు కదమ్మా" అన్నాడు. అయ్యగారు మాత్రం జేబులోంచి రబ్బరు తీసి ఆ అంకె చెరిపేశారు. "అప్పిచ్చినాయన కూడా మనల్ని చూస్తూనే ఉంటాడమ్మా, ముందు ఆయనకు కట్టండి" అని, ప్రార్థన చేసి వెళ్లారు.

బాకీ ఉన్నంతవరకు ఆ 25,000 నాది కాదు, వడ్డీకిచ్చినాయనది. ఆయన డబ్బుతో నా పేరు మీద స్లాబు వేయించుకోవడం ఎక్కడి భక్తి? తల్లిదండ్రులకు పెట్టవలసింది దేవుడికి అర్పించేశామని చెప్పి తప్పించుకునేవాళ్లను మార్కు సువార్త ఏడో అధ్యాయంలో యేసు ఎండగట్టాడు. దాని మీద ప్రసంగం అరుదుగా వినబడుతుంది, దశమభాగం తెమ్మనే మలాకీ మూడో అధ్యాయం మీద మాత్రం ఏడాదికి రెండు మూడు సార్లయినా ఖాయం. లెక్కప్రకారం చూసినా, రెండు రూపాయల వడ్డీ అప్పు తీర్చడమంటే ఏడాదికి 24 శాతం ఖాయంగా సంపాదించినట్టే. ఏ డిపాజిటూ అంత ఇవ్వదు. నా గొలుసూ గాజులూ బ్యాంకులో పెట్టి, అంతకంటే బాగా తక్కువ వడ్డీకి గోల్డ్ లోన్ తీసుకుని ఆ అప్పు కట్టేశాం. బోసి మెడతో గుడికెళ్తే అడగనివాళ్లు లేరు. స్లాబు మా డబ్బు లేకుండానే పడింది. నగలు ఇంటికొచ్చాక మందిరానికి ఫ్యాన్లు కొనిచ్చాం.

మా అమ్మ మందుల ఖర్చు దశమభాగంలో కలపాలా అని కూడా ఒకసారి మాట వచ్చింది. కలపలేదు. తల్లికి మందులు కొనడం కానుక ఎలా అవుతుంది?

మా సంఘంలో కొందరి లెక్కలో టర్మ్ పాలసీ తీసుకోవడం అవిశ్వాసం. మా ఆయన కూడా ఆ బాపతే. "ప్రభువున్నాడుగా" అన్నాడు. "ఉన్నాడు. నిన్ను రోజూ హైవే ఎక్కించేది ఆర్టీసీ" అన్నాను. పాలసీ తీసుకున్నాం. ఫరో కలకు అర్థం చెప్పిన యోసేపు ఏడేళ్లపాటు పంటలో ఐదోవంతు కొట్లలో పోయించాడు. దాన్ని అవిశ్వాసమని ఎవరూ అనలేదు. అదే బైబిల్లో పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్న ధనవంతుణ్ణి దేవుడు వెర్రివాడి కింద జమకట్టాడు. ఇద్దరూ దాచింది ధాన్యమే. ఒకడు దాచింది కరువులో దేశం తిన్నది, రెండోవాడు తానొక్కడే కూర్చుని తిందామనుకున్నాడు. పొదుపు దగ్గర నేను ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. ఆరు నెలల ఇంటి ఖర్చు ఎఫ్‌డీలో ఉండాలి, పాలసీ ఉండాలి, పిల్ల చదువుకు ఉండాలి. ఆ మూడూ నిండాక కూడా ఇంకా దాస్తూ ఉంటే నేను ఏ కొట్టు కడుతున్నానో నన్ను నేనే అడుగుతాను.

ఇల్లు కొనేటప్పుడు బ్యాంకులో మా ఇద్దరి జీతాలూ చూసి "మీకు 30 లక్షల దాకా వస్తుంది మేడమ్" అన్నారు, బహుమతి ఇస్తున్నట్టు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లలో 30 లక్షలు తీర్చాలంటే నెలకు దాదాపు 26,035. మొత్తం కట్టేది 62 లక్షలు దాటుతుంది, అంటే అసలు కంటే వడ్డీయే ఎక్కువ. 20 లక్షలైతే నెలకు 17,356. తేడా 8,679. మెయిన్ రోడ్డు మీద మూడు పడగ్గదుల ఫ్లాటుకూ, సందులో రెండు పడగ్గదుల ఇంటికీ ఉన్న తేడా అదే. బురుజు కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసు అడిగింది శిష్యరికం గురించే అయినా, హోమ్ లోన్ ఫారం ముందు కూర్చున్నప్పుడు నాకు అక్షరాలా పనికొచ్చింది. సందులో ఇల్లే కొన్నాం. వానాకాలం ఆ సందులో మోకాలి లోతు నీళ్లుంటాయి, ఆ సంగతి దాచను. కానీ ఆ 8,679 ఇరవయ్యేళ్లు నా చేతిలో ఉండే డబ్బు. మూడో పడగ్గది కొనుంటే దశమభాగం మీద, అమ్మ మీద, పిల్ల ఫీజు మీద నెలనెలా గొణుక్కోవలసి వచ్చేది.

డీఏ పెరిగినప్పుడు, ఇంక్రిమెంటు పడినప్పుడు ఏం చెయ్యాలో నాకు జాన్ వెస్లీ నేర్పాడు. మేం బాప్టిస్టులం, ఆయన మెథడిస్టులకు మూలపురుషుడు. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక యువకుడి గురించి వెస్లీ ఒక ప్రసంగంలో చెప్పాడు, అది ఆయన సొంత కథేనంటారు. ఏడాదికి 30 పౌండ్లు వచ్చినప్పుడు 28తో బతికి 2 ఇచ్చాడు. మరుసటి ఏడు 60 వస్తే అప్పుడూ 28తోనే బతికి 32 ఇచ్చాడు. 90 వచ్చినా, 120 వచ్చినా తన ఖర్చు 28 దాటనివ్వలేదు. నేను అంతటిదాన్ని కాను. ధరలు పెరుగుతాయి, ఆ 28 ఎప్పటికీ 28గా ఉండదు. అయినా ఆయన దగ్గర ఒకటి అందుకున్నాను. జీతం పెరిగిన నెలే ఇంటి ఖర్చు పెరగకూడదు. డీఏ ఎరియర్స్ పడితే సగం ఇంటి అప్పు అసలులో కట్టేస్తాం, సగం ఆ వేరే ఖాతాకు పోతుంది. స్టాఫ్ రూములో ఎరియర్స్‌తో ఎవరేం కొన్నారో చెప్పుకునే రోజున నా దగ్గర చెప్పడానికేమీ ఉండదు, కాస్త చిన్నతనంగానే ఉంటుంది.

ఆ ఖాతాలోది అంతా సంఘానికి వెయ్యను, సగమే వేస్తాను. మిగతా సగం ఎలా ఖర్చుపెట్టాలో మా ఒంగోలు చరిత్రే చెప్పింది. 1876-78 కరువులో ఇక్కడున్న బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు పట్టి, ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చి కూలి చెల్లించాడు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట పడకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. మా వైపు సంఘాల్లో గొప్పగా చెప్పుకునేది ఆ అంకే. నాకు మాత్రం కాలువ కూలి సంగతి ఎక్కువ ఇష్టం. మా వీధిలో భర్త పోయినామెకు నెలనెలా బియ్యం ఇచ్చే బదులు పికో మిషను కొనిచ్చాం. ఫాల్స్, పికో, బ్లౌజులకు జిగ్‌జాగ్ వేస్తూ నిలదొక్కుకుంది. నెలకు వెయ్యి చొప్పున తిరిగిస్తానంది. వద్దనలేదు, ఆమె మర్యాద ఆమెది. ఆ వేలన్నీ అదే ఖాతాలో వేస్తే తర్వాత ఒక కుర్రాడి పాలిటెక్నిక్ ఫీజు అయ్యాయి. రసీదు తీసుకుంటే 80జీ వస్తుంది కదా అన్నారు మా హెచ్ఎం గారు. నేనున్న కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపే లేదు. ఉన్నా, పికో మిషనుకు రసీదు ఎవరిస్తారు?

టీవీల్లో "విత్తన కానుక" వేస్తే నూరంతలై తిరిగొస్తుందని చెప్పేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి పంపను. ఎక్కువ వస్తుందని ఇచ్చేది చిట్టీ కట్టడమే. చిట్టీలో అయినా పాట ఎవరికి పోయిందో అందరి ముందూ తేలుతుంది.

ఈమధ్య మా అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం మొత్తం ప్రథమ ఫలంగా గుడిలో ఇవ్వడం మా వైపు ఆనవాయితీ. వాళ్ల నాన్న పట్టుబట్టాడు. దాని లెక్క దానిది: హాస్టలు అడ్వాన్సు కట్టాలి, ఎడ్యుకేషన్ లోన్‌కి మారటోరియం అయిపోవస్తోంది, కిస్తీలు మొదలవకపోయినా వడ్డీ మాత్రం చదువుకున్న రోజులనుంచీ నడుస్తూనే ఉంది. "అడ్వాన్సు మీ అమ్మ కడుతుంది, నువ్వు జీతం మొత్తం ఇచ్చెయ్యి" అన్నాడాయన. నేను ఒప్పుకోలేదు. అప్పుడది నా డబ్బు అవుతుంది, దాని పేరున నేను ఇచ్చినట్టుంటుంది. దానికి ఇవ్వాలనుంటే దాని జీతంలోంచి, అది ఏదో ఒకటి వదులుకుని ఇవ్వాలి. తండ్రీకూతుళ్లు రెండు రోజులు ఫోన్లో వాదించుకున్నారు. పాపం ఆయన వాళ్ల అక్కయ్యకు కూడా ఫోన్ చేసి తీర్పు అడిగాడు. ఆమె "మా రోజుల్లో మొత్తం ఇచ్చేవాళ్లం రా" అంది. ఆ రోజుల్లో ఎడ్యుకేషన్ లోన్లు లేవని నేను పక్కనుంచి అందించాను.

నెలాఖరుకు పిల్ల ఒంగోలు వచ్చి, ఆదివారం తనే కవరు తెచ్చుకుని సంచిలో వేసింది. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే వాళ్ల నాన్న ఉండబట్టలేక ఎంత పెట్టావని అడిగాడు.

"అకౌంటు నాది నాన్నా" అంది.