మొరాయించిన ట్రాక్టరు

ఎద్దు మొరాయిస్తే దాని వాలకం చూసి కారణం కనిపెట్టవచ్చు. మేత ముట్టలేదా, కడుపులో ఏదో ఉన్నది. కుంటుతున్నదా, గిట్టలో ముల్లు దిగింది. ఏమీ లేదు, ఒట్టి మొండితనమే అనుకుంటే తోక మెలిపెట్టి చూడవచ్చు. ట్రాక్టరుతో ఆ వెసులుబాటు లేదు. దానికి మొహమూ లేదు, తోకా లేదు. ఒకసారి మొరాయించిందంటే ఇనుపకొండలా నిలబడిపోతుంది. చుట్టూ చేరిన పదిమందీ పది కారణాలు చెబుతారు. అసలు చిక్కంతా ఆ పదిమందితోనే!

కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి యంత్రాల గొడవ ఎందుకని మీరడగవచ్చు. కృష్ణా డెల్టాలోని మా ఊళ్ళో మా తమ్ముడు వ్యవసాయం చేస్తున్నాడు. కిందటి సంవత్సరం జూలైలో నేను అక్కడికి వెళ్ళిన మరునాడే చేలో ఆఖరి దమ్ము, వెంటనే నాట్లు. కాలువ వంతు వచ్చి చేలో నీరు నిలిచింది. నాట్లకు మాట్లాడిన ఇరవైమంది ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి గట్టుమీద కూర్చున్నారు. ట్రాక్టరు మాత్రం లేవదు. వంతు దాటితే నీరు మనకోసం ఆగదు. ఆ ఆడవాళ్ళకు పని జరగకపోతే ఆ పూట కూలి లేదు. తమ్ముడు ఒక్కొక్కసారి గట్టువైపు చూసి, మళ్ళీ తాళం తిప్పుతున్నాడు.

ఇంతలో ఒక కుర్రవాడు రెంచి పట్టుకుని, స్టార్టరు దగ్గర రెండు కొసలూ కలిపేస్తే అదే లేస్తుందంటూ చక్రం పక్కన వంగాడు. సరిగ్గా అప్పుడే మేస్త్రీ మోటారు సైకిలు దిగాడు.

"ఒరేయ్, తియ్యి చెయ్యి! గేరులో ఉన్నదో లేదో చూశావా? లేచిందంటే నీ మీదనుంచే పోతుంది!" అని కేకవేశాడు.

సీటులో మనిషి లేకుండా ఇంజను లేపరాదన్నది ఆయన మొదటి సూత్రం. ఈ అడ్డదారిలో పెద్ద చక్రం కింద పడి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. దమ్ము ఒకపూట ఆలస్యమైతే నష్టమే; కాని అది తీరే నష్టం.

తరువాత ఆయన పని చేసిన తీరు నాకెంతో నచ్చింది. పద్యానికి అన్వయం చెప్పేటప్పుడు మేము ముందు క్రియ ఎక్కడున్నదో వెతుకుతాము. అది దొరికాక కర్తను, కర్మను దానికి తగిలిస్తాము. కంటబడిన ప్రతి విశేషణాన్నీ పట్టుకు వేలాడే విద్యార్థికి పద్యం లొంగదు. మేస్త్రీదీ అదే పద్ధతి.

"ముందు ఇంజను తిరుగుతున్నదా లేదా చెప్పండి మాస్టారూ" అన్నాడు నాతో. తాళం తిప్పితే టక్కుమని ఊరుకున్నదనుకోండి, డీజిలు జోలికి పోనక్కరలేదు. తప్పు కరెంటు వైపు ఉన్నది. 12 ఓల్టుల బ్యాటరీ నీరసించి ఉండవచ్చు. చాలాసార్లు అదీ కాదు, టెర్మినళ్ళకు పట్టిన చిలుము. తీగలు విప్పి, వేడినీళ్ళతో కడిగి, గట్టిగా బిగించి, పైన గ్రీజు రాస్తే సరిపోతుంది. కొన్ని ట్రాక్టర్లు గేరు న్యూట్రల్‌లో లేకపోయినా, క్లచ్ తొక్కకపోయినా తిరగనే తిరగవు.

మాది చక్కగా తిరుగుతున్నది, రాజుకోవడమే లేదు. అప్పుడు రెండవ ప్రశ్న: "గొట్టంలో పొగ ఏ రంగు?"

ఈ ప్రశ్నలో డీజిలు ఇంజను రహస్యమంతా ఉన్నది. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు నిప్పురవ్వ పుట్టిస్తుంది. డీజిలు ఇంజనులో రవ్వ లేదు. లోపలి గాలిని సుమారు పదిహేడో వంతుకు అణిస్తే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే తనంతట అంటుకుంటుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కదూ? అదే సూత్రం. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు 1897లో ఈ ఇంజను జయప్రదంగా నడిపి చూపించాడు. పాపం, 1913లో ఓడమీద ఇంగ్లండుకు వెడుతూ రాత్రికి రాత్రే మాయమయ్యాడు. ఆయన పేరు మాత్రం మన రైతుల నోట రోజూ పలుకుతూనే ఉన్నది.

కనుక తెల్లపొగ వస్తే డీజిలు అందుతున్నది కాని గాలి చాలినంత వేడెక్కడం లేదని అర్థం. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, ఎయిర్ క్లీనరు చూడాలి. అసలు పొగే రాకపోతే లోపలికి డీజిలే చేరడం లేదు. మాకు పొగ రాలేదు.

మేస్త్రీ దారి పట్టుకుని వరుసగా వచ్చాడు. ఇంజను ఆపే నాబు బయటికి లాగి వదిలేశారా? లేదు. టాంకు కింది కుళాయి తెరిచే ఉన్నదా? ఉన్నది. "రాత్రి టాంకు పూర్తిగా ఎండనిచ్చారా?" అన్నాడు. తమ్ముడు తల ఊపాడు. చేలో డీజిలు అయిపోయి ఇంజను ఆగితే, డబ్బాతో తెచ్చి పోశారట. అదీ సంగతి! గొట్టాలలోకి గాలి దూరింది. డీజిలును నొక్కితే అణగదు, గాలి స్ప్రింగులా అణిగిపోతుంది. అందుచేత పంపు ఎంత నొక్కినా నాజిలు తెరుచుకునే ఒత్తిడి రాదు.

ఫిల్టరుమీది మర వదులు చేసి, చేతి పంపు ఆడించాడు. బుడబుడమని నురగ వచ్చింది. నురగ పోయి స్వచ్ఛమైన ధార వచ్చేదాకా ఆడించి మర బిగించాడు. పెద్ద పంపు దగ్గరా అంతే. చివరకు నాజిళ్ళ దగ్గరి నట్లు వదులు చేసి ఇంజను తిప్పించాడు. అక్కడ మాత్రం చెయ్యి అడ్డుపెట్టనివ్వలేదు. వాతావరణానికి సుమారు రెండువందల రెట్ల ఒత్తిడితో చిమ్మే డీజిలు చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోగలదట. నట్లు బిగించి తాళం తిప్పగానే ఇంజను రెండుసార్లు దగ్గి లేచింది. అంతా కలిసి అరగంట పట్టలేదు. నాట్లు ఆ పూటే పడ్డాయి.

వెళ్ళేముందు ఆయన చెప్పిన నాలుగు మాటలు ఇవి. రాత్రి పడుకునేముందు టాంకు నింపండి; ఖాళీ టాంకులో గాలిలోని తేమ నీరై డీజిలులో కలుస్తుంది. ఫిల్టరు అడుగున చేరిన నీటిని అప్పుడప్పుడు వదిలెయ్యండి. స్టార్టరును పది సెకండ్లకు మించి తిప్పకండి. మళ్ళీ తిప్పేముందు కాసేపు ఆగండి, లేకపోతే ఉన్న బ్యాటరీ కూడా పోతుంది. ఏది తెలియకపోయినా తెలిసినట్టు విప్పకండి.

ఈ చివరి మాట ట్రాక్టరుకే కాదు, సంసారానికీ, ఉద్యోగానికీ పనికివస్తుంది. తొందరలో ఉన్నవాడు పది మరలు విప్పుతాడు. తెలిసినవాడు నాలుగు ప్రశ్నలడిగి ఒక్క మర విప్పుతాడు. లోపల గాలి వేడెక్కితేనే ఇంజను నడుస్తుంది. పక్కన నిలబడ్డ మనిషి వేడెక్కితే ఏ పనీ నడవదు.