చిట్టికి కటింగ్

ఎండాకాలం సెలవులు. మా స్పిట్జ్ చిట్టికి ఉక్కపోస్తోందని జాలిపడి, నాన్న ట్రిమ్మర్‌తో బొచ్చంతా నున్నగా గొరిగేశాను. సాయంత్రానికి పొట్ట ఎర్రగా కందిపోయింది. ఒకటే గోక్కోవడం, నాక్కోవడం. నన్ను చూస్తే చాలు, మంచం కిందకి దూరిపోయేది.

ఘర్షణ వల్ల వేడి పుడుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. బ్లేడు కాలుతోందేమోనని ఒక్కసారి కూడా ముట్టుకుని చూడలేదు.

పశువుల డాక్టరుగారు తిట్టలేదు. "బొచ్చు దానికి గొడుగు బాబూ, ఎండ తగలనివ్వదు. రోజూ దువ్వితే చాలు" అన్నారు. చల్లటి తడిగుడ్డ అద్దమన్నారు. మనం రాసుకునే క్రీములు వద్దన్నారు, నాకితే కడుపులోకి పోతాయట. నాక్కోకుండా మెడకి కోన్ కట్టారు.

ఐదో రోజుకి ఎరుపు తగ్గింది. ఆరో రోజు చిట్టి తనంతట తానే వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుంది. కోన్ అంచు మోకాలికి గుచ్చుకుంటున్నా నేను కదల్లేదు.