పటం చూపించి చెప్పిన మాట

కాఫీ చల్లారకముందే ఒక సంగతి మాట్లాడుకుందాం. ఒక దేశనాయకుడు రాత్రిపూట టీవీలోకి వచ్చి, పరాయి నేల మీద జరుగుతున్న యుద్ధాన్ని ఇంకాస్త పెంచబోతున్నానని చెప్తాడు. గొంతు గంభీరంగా ఉంటుంది. వెనక జెండా ఉంటుంది. అప్పుడు వినేవాళ్లం ఏ మాట దగ్గర చెవి రిక్కించాలి? దీనికి నా దగ్గర ఒక జవాబు ఉంది. 1970 ఏప్రిల్ 30 రాత్రి అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ చేసిన ప్రసంగం చదివాక కుదిరిన జవాబు అది.

మీలో పెద్దవాళ్లకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. చిన్నవాళ్ల కోసం కాస్త వెనక నుంచి చెప్తాను. అమెరికా పదాతి దళాలు వియత్నాంలో దిగి అప్పటికి ఐదేళ్లు. గౌరవంగా యుద్ధం ముగిస్తానంటూ ఓట్లడిగి గెలిచినవాడు నిక్సన్. ఏప్రిల్ 20న కాలిఫోర్నియా నుంచి మాట్లాడుతూ, వచ్చే ఏడాదిలో మరో 1,50,000 మంది సైనికుల్ని ఇళ్లకు రప్పిస్తానన్నాడు. కొడుకుల్ని పంపిన తల్లుల మనసు ఎంత కుదుటపడి ఉంటుందో మీరే ఊహించుకోండి. సరిగ్గా పది రోజులకి అదే మనిషి వైట్‌హౌస్‌లో పెద్ద పటం పక్కన పెట్టుకుని, కంబోడియాలోకి సైన్యాన్ని పంపుతున్నానని చెప్పాడు.

ఆ ప్రసంగంలో నిజం లేదనను. దక్షిణ వియత్నాం సరిహద్దు పొడవునా కంబోడియా లోపల హనోయి (ఉత్తర వియత్నాం ప్రభుత్వం) సైన్యానికి స్థావరాలున్న మాట వాస్తవం. తటస్థ దేశమైన కంబోడియా భూమిని ముందు తొక్కింది హనోయి. కంబోడియా పాలకుడు సిహనూక్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, ఓడరేవు గుండా ఆయుధాలు పోనిచ్చాడు. 1970 మార్చి 18న ప్రధాని లోన్ నోల్ వర్గం ఆయన్ని గద్దె దింపడంతో అంతా తారుమారైంది. ఇదంతా ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకున్నాకే అసలు అనుమానం మొదలవుతుంది.

నిక్సన్ మూడు దారులు చూపించాడు. ఏమీ చేయకుండా ఊరుకోవడం, కంబోడియాకి పెద్దఎత్తున ఆయుధాలివ్వడం, లేదా తామే వెళ్లి ఆ స్థావరాల్ని తుడిచిపెట్టడం. ఇంటికొచ్చేయడం అనే దారి మూడింట్లోనూ లేదు చూశారా. ఆ తర్వాత తన సొంత రాజకీయాల ప్రస్తావన తెచ్చాడు. దేశం రెండో శ్రేణి శక్తిగా మిగిలిపోవడం చూస్తూ రెండుసార్లు అధ్యక్షుడిగా ఉండేకన్నా, ఒక్కసారితో దిగిపోవడమే మేలన్నాడు. ఇవాళ పరీక్షకు నిలిచింది మన బలం కాదు, మన సంకల్పం, మన శీలం అన్నాడు. అలా అన్నాక ప్రశ్న అడిగినవాడు పిరికివాడైపోతాడు. ఇరవయ్యేళ్ల కుర్రాడు చనిపోవాల్సినంత అవసరం అక్కడ ఏముందనే లెక్క పక్కకి పోతుంది. నాకు చాలా కోపం తెప్పించే మాట అది.

అయితే నేను చెవి రిక్కించమన్నది ఈ మాటల దగ్గర కూడా కాదు. ఎప్పుడు వెనక్కొస్తాం, ఎంత సాధిస్తాం అన్నవి రేపటి మాటలు. వాటిని ఆ రాత్రి ఎవరూ తేల్చలేరు. తేల్చగలిగేది నిన్నటి మాట. ఆ ప్రసంగంలో అలాంటిది ఒకటుంది. ఐదేళ్లుగా అమెరికా గానీ దక్షిణ వియత్నాం గానీ ఆ స్థావరాల జోలికి వెళ్లలేదు, తటస్థ దేశపు నేలను ఉల్లంఘించడం ఇష్టంలేక ఓర్చుకున్నాం అన్నాడు నిక్సన్.

ఇప్పుడు జరిగింది వినండి. అంతకు పదమూడు నెలల ముందు, 1969 మార్చి 18 నుంచే, ఆయన అనుమతితోనే బీ-52 విమానాలు కంబోడియా మీద బాంబులు కురిపిస్తున్నాయి. ఈ దాడులన్నిటికీ కలిపి పెట్టిన పేరు మెనూ. ఒక్కో స్థావరానికీ బ్రేక్‌ఫాస్ట్, లంచ్, స్నాక్, డిన్నర్, సప్పర్, డెజర్ట్ అని పేర్లు. మనుషుల మీద వేసే బాంబులకి తిండిపూటల పేర్లు ఎలా పెట్టగలిగారో నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పద్నాలుగు నెలల్లో విమానాలు 3,600 సార్లకు పైగా వెళ్లొచ్చాయి. వేసిన బాంబులు లక్ష టన్నులు దాటాయి.

ఇంత పెద్ద పనిని దాచడానికి ఏం చేశారో చూడండి. విమానాలు దక్షిణ వియత్నాంలోని ఏదో గురికి వెళ్తున్నట్టు కాగితాల మీద రాసేవారు. దగ్గరికొచ్చాక నేల మీది రాడార్ కేంద్రం వాటిని సరిహద్దు దాటించి అసలు గురి మీదికి నడిపించేది. పని అయ్యాక అసలు లెక్కల కాగితాలు తగలబెట్టి, దక్షిణ వియత్నాంలోనే వేసినట్టు దొంగ నివేదిక పంపేవారు. ఈ వివరాలు 1973లో హాల్ నైట్ అనే మాజీ మేజర్ సెనేట్ కమిటీ ముందు స్వయంగా చెప్పాడు. ఆ కాగితాలు తగలబెట్టినవాడు ఆయనే. ఆయన నోరు విప్పకపోయి ఉంటే ఇంకెన్నాళ్లు దాగేదో.

ఒక్క విషయం ఆలోచించండి. ఇది ఎవరికి రహస్యం? బాంబులు పడ్డ పల్లెవాళ్లకి తెలుసు. హనోయికి తెలుసు. సిహనూక్‌కి తెలుసు. 1969 మే 9న న్యూయార్క్ టైమ్స్‌లో విలియం బీచర్ అనే విలేకరి దీని గురించి రాశాడు కూడా. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ, సమాచారం బయటికిచ్చింది ఎవరా అని ప్రభుత్వం తన అధికారుల ఫోన్లకీ కొందరు విలేకరుల ఫోన్లకీ దొంగచాటు తీగలు తగిలించింది. అంటే ఆ రహస్యం శత్రువు నుంచి దాచింది కాదు. పన్నులు కట్టి, పిల్లల్ని పంపిన అమెరికా పౌరుల నుంచి దాచింది. ఏప్రిల్ 30 రాత్రి టీవీ ముందు కూర్చున్నది వాళ్లే.

మనకీ దీంతో కాస్త సంబంధం ఉంది. 1954 జెనీవా ఒప్పందాల తర్వాత వియత్నాం, లావోస్, కంబోడియాల్లో ఆ ఒప్పందాల అమలును పర్యవేక్షించే అంతర్జాతీయ సంఘాలకి అధ్యక్ష స్థానం భారతదేశానిదే. కెనడా, పోలండ్ మిగతా సభ్యులు. కంబోడియా తటస్థతను ఇరుపక్షాలూ ఎలా తూట్లు పొడిచాయో దగ్గరుండి చూసినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

ఆ ప్రసంగం తర్వాత ఏమైందంటారా? దక్షిణ వియత్నాంలోని మొత్తం కమ్యూనిస్టు సైన్యాన్ని నడిపే ప్రధాన కార్యాలయం మీద దాడి చేస్తున్నామని నిక్సన్ చెప్పాడు. ఆ కార్యాలయం దొరకలేదు. దాడికి ముందే దాని మనుషులు లోపలికి జరిగిపోయారు. బియ్యం, తుపాకులు, మందుగుండు మాత్రం గుట్టలకొద్దీ దొరికాయి. అది చిన్న నష్టమేమీ కాదు. కానీ హనోయి దళాలు సరిహద్దు వదిలి కంబోడియా నడిబొడ్డుకి చొచ్చుకుపోయాయి. రబ్బరు తోటల మధ్య ఉండే స్నూల్ అనే చిన్న ఊరు అమెరికా ట్యాంకులూ విమానాల దాడిలో దాదాపు నేలమట్టమైంది. జూన్ 30కల్లా అమెరికా సైనికులు చెప్పినట్టే వెనక్కొచ్చారు. బాంబులు మాత్రం ఆగలేదు. చివరికి అమెరికా కాంగ్రెస్ నిధులు ఆపేసి గడువు పెడితే, 1973 ఆగస్టు 15న ఆగాయి. 1975 ఏప్రిల్ 17న రాజధాని నామ్‌పెన్ కంబోడియా కమ్యూనిస్టులైన ఖ్మేర్ రూజ్ చేతికి చిక్కింది. ఆ పాలనలో చచ్చిపోయినవాళ్లు 15 లక్షల నుంచి 20 లక్షల మందని అంచనా. ఆ పాపం మొత్తం ఒక్క ప్రసంగానికి అంటగట్టడం న్యాయం కాదు. చంపింది ఖ్మేర్ రూజ్ నాయకుడు పోల్ పాట్ మనుషులు. కానీ ఎటూ చేరని ఒక చిన్న దేశాన్ని ఆ మంటల్లోకి లాగిన చేతుల్లో నిక్సన్ చెయ్యి ఉంది. హనోయి చెయ్యీ ఉంది.

అమెరికా గడ్డ మీదా నెత్తురు చిందింది. ప్రసంగమైన నాలుగో రోజున, మే 4న, ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నేషనల్ గార్డ్ సైనికులు కంబోడియా దాడిని నిరసిస్తున్న విద్యార్థుల మీద కాల్పులు జరిపారు. పదమూడు సెకన్లలో 67 గుళ్లు. నలుగురు చచ్చిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో ఇద్దరు ఆందోళనలోనే లేరు, క్లాసుల మధ్య అటుగా నడిచి వెళ్తున్నవాళ్లు. మన పిల్లలెందరో ఇవాళ ఒహాయోలో చదువుకుంటున్నారు కదా, వాళ్లలో ఎవరైనా ఆ వైపు వెళ్తే ఆ చోటు చూసి రమ్మనండి.

ఇక ఐదేళ్లుగా ఆ స్థావరాల జోలికి వెళ్లలేదన్న ఆ అబద్ధం సంగతి. 1974 జూలైలో నిక్సన్ మీద అభిశంసన ఆరోపణలు ప్రతినిధుల సభ న్యాయ కమిటీ ముందుకొచ్చాయి. ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలో జరిగిన వాటర్‌గేట్ దొంగతనాన్ని కప్పిపుచ్చడం, అధికార దుర్వినియోగం, కమిటీ అడిగిన ఆధారాలు ఇవ్వకపోవడం, ఈ మూడూ నెగ్గాయి. కంబోడియా బాంబుల్ని కాంగ్రెస్ నుంచి దాచాడన్న ఆరోపణ మాత్రం జూలై 30న 26–12 ఓట్లతో వీగిపోయింది. కాంగ్రెస్‌లో కొద్దిమంది పెద్దలకి ఆ బాంబుల సంగతి ముందే చెప్పి ఉంచారు, అలాంటప్పుడు నేరం ఒక్కడిదే ఎలా అవుతుందన్నది అక్కడ వినిపించిన వాదనల్లో ఒకటి. తెలిసి ఊరుకున్నవాళ్లున్నారు కాబట్టి నేరం పలచబడుతుందా? మీరేమంటారో నాకు తెలియదు గానీ, ఆ 26 మంది మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.