అనంతగిరి నుంచి వాడపల్లి దాకా మూసీ ప్రస్థానం

మూసీ నది వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండల్లో పుట్టి, తూర్పుగా సుమారు 250 కిలోమీటర్లు సాగి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఈ కొండల పడమటి వైపు నీళ్లు కాగ్నా నదిగా తాండూరు మీదుగా వెళ్లి భీమా నదిలో చేరతాయి. భీమా కూడా కృష్ణకు ఉపనదే.

మూసీకి ముచుకుందా నది అనే పేరూ ఉంది. శ్రీకృష్ణుడి శత్రువు కాలయవనుడు భస్మమైన తరువాత రాజర్షి ముచుకుందుడు శ్రీకృష్ణుడి పాదాలు కడిగాడనీ, ఆ నీరే నదిగా పారిందనీ స్థలపురాణం చెబుతుంది. అనంత పద్మనాభస్వామి ఆలయం, దాని పుష్కరిణి ఈ కొండల్లోనే ఉన్నాయి. కార్తీకమాసంలో ఇక్కడ పెద్ద జాతర జరుగుతుంది. అడవి నడుమ పుట్టే మూసీ ఇక్కడ వానాకాలపు వాగు. పొలాల మీదుగా శంకర్‌పల్లి దాటి గండిపేట చెరువులో, అంటే ఉస్మాన్ సాగర్‌లో చేరుతుంది.

1908 సెప్టెంబరు వరదలో హైదరాబాద్‌లో వేలమంది చనిపోయారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో మూసీ మీద ఉస్మాన్ సాగర్ (1920), ఉపనది ఈసా మీద హిమాయత్ సాగర్ (1927) కట్టారు. వరదను ఆపడంతో పాటు ఇవి నగరానికి తాగునీరు ఇచ్చాయి. ఈ జలాశయాలను కాపాడేందుకు 1996లో 111వ నంబరు జీవోతో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు విధించారు. 2022లో ప్రభుత్వం వాటిని సడలించింది.

జలాశయాలు నీటిని పట్టి ఉంచుతాయి కాబట్టి, వరద గేట్లు ఎత్తని రోజుల్లో వాటి దిగువకు మంచినీరు దాదాపు రాదు. మూసీ కష్టానికి ఒక మూలం ఇది. లంగర్‌హౌజ్ దగ్గర మూసీ, ఈసా కలిసే సంగమంలో 1948లో గాంధీజీ అస్థికలు నిమజ్జనం చేశారు. ఆ చోటే బాపూఘాట్. అక్కడి నుంచి 1578 నాటి పురానాపూల్, చాదర్‌ఘాట్, అంబర్‌పేట, నాగోల్ దాకా నాలాలు ఇళ్ల మురుగును, పరిశ్రమల వ్యర్థాలను నదిలోకి తెస్తాయి. వేసవిలో ఏటి గర్భంలో పారేది ప్రధానంగా మురుగే. ఆ మురుగులోని నత్రజని, భాస్వరం పదార్థాల వల్ల గుర్రపుడెక్క అల్లుకుంటుంది. సేంద్రియ వ్యర్థాలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను తోడేస్తాయి. దానితో చేపలు బతకవు. ఇలా సూక్ష్మజీవులు వాడే ఆక్సిజన్ కొలతను జీవరసాయన ఆక్సిజన్ అవసరం అంటారు; స్నానానికి పనికొచ్చే నీటిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. నగరం నుంచి నల్లగొండ దాకా మూసీని 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అత్యంత కలుషితమైన నదీ భాగాల వర్గంలో చేర్చింది.

నగరం దాటాక ఈ నీటి మీదే రైతులు ఆధారపడతారు. కత్వల (చిన్న ఆనకట్టల) నుంచి కాలువల ద్వారా నీరు మళ్లించి వరి, పశుగ్రాసం, కూరగాయలు పండిస్తారు. ఏడాది పొడవునా నీరు దొరకడం వారికి లాభం. ఆ నీటిలో దిగి పనిచేసేవారికి చర్మవ్యాధులు, పేగుపురుగుల ముప్పు పొంచి ఉంటుంది. కత్వల మీంచి దూకే నీరు డిటర్జెంట్ల వల్ల నురగలు కక్కుతుంది. మట్టి, మొక్కలు, గాలి కొంత శుద్ధి చేయడంతో కిందికి పోయేకొద్దీ నాణ్యత మెరుగుపడుతుంది. సూర్యాపేట సమీపంలో సోలిపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు 1963 నుంచి ఆయకట్టుకు నీరందిస్తోంది.

వాడపల్లిలో కృష్ణా, మూసీ సంగమం పుణ్యక్షేత్రం. అగస్త్యేశ్వర, లక్ష్మీనరసింహ ఆలయాలున్న ఈ తీరంలో 2016 కృష్ణా పుష్కరాలకు భక్తులు స్నానాలు చేశారు. పుట్టుకలోనూ ముగింపులోనూ పూజలందుకునే నది నడుమ మాత్రం మురుగుకాలువ అయింది.

నివారణ మార్గం తెలిసినదే. మురుగును నదిలో కలవకముందే శుద్ధి చేయాలి. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యమున్న మురుగుశుద్ధి కేంద్రం ఉంది. 2021లో హైదరాబాద్‌కు మరో 31 కేంద్రాలు మంజూరయ్యాయి. కేంద్రాలు కట్టడంతో పాటు ప్రతి నాలానూ వాటికి కలపాలి. విషపదార్థాలున్న పరిశ్రమల వ్యర్థాలను ఇళ్ల మురుగుతో కలవనీయకూడదు. శుద్ధి చేసిన నీరు, జలాశయాల నుంచి కొంత మంచినీరు ఏడాదంతా ఏటిలో పారాలి. ఎగువన వికారాబాద్ నుంచి గండిపేట దాకా పరీవాహకాన్ని కాపాడాలి. ఒడ్డున ఎన్ని అందాలు తీర్చిదిద్దినా, నీరు శుభ్రపడకుండా నది బాగుపడదు.