ఎప్పటి నుంచో ఉన్నదేలే

"నొప్పి ఎప్పటి నుంచి?" అని అడిగింది నర్సు. 2019 జూన్, రాత్రి ఒంటిగంట దాటింది. డాలస్ శివార్లలో ఒక ఆసుపత్రి, ఎమర్జెన్సీ గది. అమ్మ కుడి డొక్క పట్టుకుని వంగిపోయి కూర్చుంది. అంత బాధలోనూ నా మొహం చూసి, "ఎప్పటి నుంచో ఉన్నదేలేవే, గ్యాసు" అంది. నేను దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేశాను. నర్సు టకటకా టైపు చేసుకుంది.

మా ఇళ్లలో ఆ మాటకి అర్థం 'నువ్వు కంగారు పడకు' అని. ఆసుపత్రి రికార్డులో మాత్రం 'చాలాకాలంగా కడుపునొప్పి' అయి కూర్చుంది. దాని ఖరీదు 46,300 డాలర్లని రెండు నెలల తర్వాత గానీ తెలియలేదు. అప్పటి రేటులో సుమారు 32 లక్షల రూపాయలు.

ఆ ఏడు అమ్మానాన్నలకి నేను కొన్న ఇన్సూరెన్సు పాలసీ వెనక ఒక పాత దెబ్బ ఉంది. 2016లో వాళ్లు మొదటిసారి మా దగ్గరికి అమెరికా వచ్చినప్పుడు ఇద్దరికీ కలిపి నెలకి 110 డాలర్లలో అయిపోయే ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ తీసుకున్నాను. మీద 50,000 డాలర్లని పెద్దక్షరాల్లో కనిపిస్తే చాలనుకున్నాను. లోపల ఒక పట్టిక ఉంటుంది: డాక్టర్ని చూస్తే ఇంత, ఎక్స్‌రేకి ఇంత, ఎమర్జెన్సీకి ఇంత. బిల్లు ఎంతైనా కానీ, కంపెనీ ఇచ్చేది ఆ పట్టికలో అంకె మాత్రమే. నాన్నకి వాంతులై నీరసించిపోతే ఎమర్జెన్సీలో నాలుగు గంటలు సెలైన్ ఎక్కించారు. బిల్లు 3,900 డాలర్లు, పట్టిక ప్రకారం వచ్చింది 330. ఒకేసారి కట్టేస్తాం తగ్గించమని అడిగితే ఆసుపత్రి 40 శాతం తగ్గించింది. అడక్కపోతే అదీ లేదు. చివరికి మా చేతి నుంచి 2,010 పడింది.

మా ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించాడు: మొదట్లోనే ఖరీదైన కాంప్రహెన్సివ్ ప్లాన్ తీసుకున్నా, ఎక్కువ ప్రీమియమూ మన వాటా ఖర్చులూ కలిపితే ఇంచుమించు ఇంతే అయ్యేదని. లెక్క కరెక్టే. కానీ ఆ రాత్రి నన్ను భయపెట్టింది 3,900 కాదు. అది వాంతులు కాక గుండెపోటై ఉంటే ఆ పట్టికలోంచి ఏమంత వచ్చేది కాదన్న సంగతి. చిల్లర ఖర్చు మనం పెట్టుకోగలం. ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చే ఖర్చుకే కదా ఇన్సూరెన్సు కావలసింది!

అందుకని 2019లో నెలకి 310 డాలర్లు పోసి కాంప్రహెన్సివ్ కొన్నాను. మొదటి 250 మాది. అదే డిడక్టిబుల్. ఆ పైన 5,000 దాకా 80 శాతం వాళ్లది, 20 శాతం మాది. అది దాటాక లక్ష డాలర్ల వరకు మొత్తం వాళ్లదే, ఆసుపత్రి వాళ్ల నెట్‌వర్క్‌లో ఉంటే. అమ్మకి 66, నాన్నకి 69. ఇక గుండె మీద చెయ్యేసుకుని పడుకోవచ్చు అనుకున్నాను.

ఆ జూన్ రాత్రి అమ్మకి తీసిన స్కాన్‌లో పిత్తాశయం (గాల్ బ్లాడర్) నిండా రాళ్లు, వాపు. మర్నాడు సాయంత్రం చిన్న గాట్లతో ఆపరేషన్ చేసి తీసేశారు. రెండు రాత్రులు ఉంచి పంపేశారు. కవర్లు మాత్రం నెలంతా వస్తూనే ఉన్నాయి: ఆసుపత్రిది ఒకటి, సర్జన్‌ది ఒకటి, మత్తు డాక్టరుది, స్కాన్ చదివినాయనది, ల్యాబుది. ఒక్క ఆపరేషన్‌కి అయిదు బిల్లులు.

కంపెనీ ముందు మెడికల్ రికార్డులు తెప్పించుకుంది, తర్వాత క్లెయిమ్ తిరగ్గొట్టింది. కారణం: పాలసీకి ముందే ఉన్న జబ్బు. ఇక్కడే నాలాంటివాళ్లు బోల్తా పడేది. ముందే ఉన్న జబ్బంటే డాక్టరు పేరు పెట్టి మందు రాసినదని అనుకుంటాం. మా పాలసీలో రాసింది అది కాదు. అంతకు ముందు 36 నెలల్లో లక్షణాలు కనిపించినా చాలు, డాక్టరు చూడకపోయినా, మందు వాడకపోయినా ముందే ఉన్నట్టే. పాత జబ్బు ఉన్నట్టుండి తిరగబెడితే ఇస్తామని ఇంకో షరతు ఉంది. అది హెచ్చరిక లేకుండా రావాలి, 24 గంటల్లో వైద్యం మొదలవ్వాలి, మెల్లగా ముదురుతూ వచ్చినది కాకూడదు. 'ఎప్పటి నుంచో ఉన్నదేలే' అన్నాక ఏ తలుపు తెరుచుకుంటుంది?

అప్పుడు నాన్న పెట్టెలోంచి ఒక బట్టల కొట్టు కవరు తీశారు. తెనాలి నుంచి వచ్చేటప్పుడు, "ఇంత బరువెందుకు నాన్నా" అని నేనే విసుక్కున్న కవరు. అందులో 2018 జనవరిలో గుంటూరులో చేయించిన మాస్టర్ చెకప్. పొట్ట స్కాన్‌లో గాల్ బ్లాడర్ మామూలుగా ఉంది, రాళ్లు లేవు అని ఒక్క లైను. మా ఊరి డాక్టరుగారికి ఫోన్ చేసి ఉత్తరం రాయించాం: ఈమెకి నేను మందు ఇచ్చింది అసిడిటీకి, పిత్తాశయం సమస్యతో ఎప్పుడూ రాలేదు అని. నేనూ ఒక పేజీ రాశాను, అమ్మ అన్న తెలుగు మాట ఏమిటో, దాన్ని నేను ఎలా అనువదించానో. అప్పీల్ నడుస్తోంది, అప్పటిదాకా వసూళ్లకి పంపకండని అయిదు చోట్లా ఫోన్ చేసి ఆపించాను. ప్రతి కాల్‌కీ తేదీ, మాట్లాడిన వాళ్ల పేరు నోట్‌బుక్కులో రాసుకున్నాను.

అప్పీల్ నడిచిన ఆ అయిదు నెలల్లో నిద్రపట్టక చదివితే ఇంకోటి తెలిసింది. అమెరికాలోని లాభాపేక్ష లేని ఆసుపత్రులకి, కట్టుకోలేని వాళ్ల కోసం ఆర్థిక సహాయం విధానం రాతపూర్వకంగా ఉండి తీరాలని 2010 చట్టం చెబుతోంది. మొదటి బిల్లు నుంచి 240 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి వర్తిస్తుందా అన్నది ఆయా ఆసుపత్రి విధానం చదివితేగానీ తేలదు. మాకు అవసరం పడలేదు. అప్పీల్ నెగ్గింది. నెట్‌వర్క్ రేటు ప్రకారం 46,300 కాస్తా 17,900 అయింది, అందులో మా వాటా 1,250. ఆ పెద్ద అంకె ఇన్సూరెన్సు కంపెనీలు మామూలుగా కట్టేది కాదు. పాలసీ లేనివాడి చేతిలో పెట్టడానికే ఉంది.

ఈ కథ చెబితే ఒకరు, "అయితే ఇవాళే మొదలైందని చెప్పేస్తే పోలా" అన్నారు. పోదు. అబద్ధం దొరికితే పాలసీయే పోతుంది. పైగా డాక్టరుకి తప్పు చెబితే వైద్యమూ తప్పుతుంది. తర్వాత తీరిగ్గా అడిగితే అమ్మ అన్నది వేరు: "ఆ గ్యాసు పైన మంటలాగా ఉండేది. ఈ నొప్పి మాత్రం ఎరగను." అది నేను ఆ రాత్రే రెండోసారి అడిగి ఉండాల్సింది. లేదా దుబాసీని ఇమ్మనాల్సింది. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి, ఫోన్‌లో అయినా సరే. కన్నకూతురికి తల్లి నొప్పిని అనువదించే నిబ్బరం ఉండదు.

2022లో అత్తమామలు హైదరాబాద్‌లోనే ట్రావెల్ పాలసీ కొనుక్కుని వచ్చారు. చవక. మన కంపెనీ కాబట్టి గొడవొస్తే హైదరాబాద్‌లోనే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారన్న ధీమా ఉంది. కాకపోతే ఇలాంటివి విమానం ఎక్కకముందే కొనాలి. అరవై దాటినవాళ్లకి గదికి ఇంత, ఆపరేషన్‌కి ఇంత అని లోపల్లోపల కత్తెర్లు ఉంటాయి చాలావాటిలో. మరుసటి ఏడు అమ్మావాళ్లు యూరప్ చూడబోతే షెంగెన్ వీసాకే 30,000 యూరోల వైద్య బీమా చూపించమన్నారు. విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లని అమెరికా అసలు అడగనే అడగదు.

అమ్మకి ఇప్పుడు 72. మేం చూసిన ప్లాన్లలో డెబ్బై దాటితే ప్రీమియం పెరుగుతోంది, ఆ 'ఉన్నట్టుండి' రక్షణ కుంచించుకుపోతోంది. అందుకే ఈసారి వాళ్లు మా దగ్గరికి బయల్దేరుతుంటే, ప్రీమియం కంటే ముందు గుంటూరు వెళ్లి మళ్లీ చెకప్ చేయించమన్నాను. కొన్ని వేల రూపాయల ఖర్చు. అప్పుడు నా క్లెయిమ్‌ని నిలబెట్టింది అలాంటి కాగితమే.

ఎయిర్‌పోర్టులో దిగగానే నాన్న చేతిసంచిలోంచి అదే కవరు బయటికి వచ్చింది. కొత్త రిపోర్టుల మధ్య 2018 స్కాన్ కాగితం ఇంకా ఉంది. "అమ్మకి గాల్ బ్లాడరే లేదు కదా ఇప్పుడు, అది ఎందుకు నాన్నా?" అన్నాను.

"ఉండనీవే, ఎవడు అడుగుతాడో" అన్నారు.