సున్నం గోడకి సిమెంటు

మా తాతల ఇల్లు లాల్‌దర్వాజలో ఉంది. పేరున్న దేవిడీ ఏం కాదు. మూరెడు మందం రాతి గోడలు, టేకు దూలాలు, మధ్యలో చిన్న వాకిలి. ఇప్పుడు పెద్దనాయన, పెద్దమ్మ మాత్రమే ఉంటున్నారు. బోనాలకి మాత్రం అందరం అక్కడే.

నేను సివిల్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు ముందుగది గోడ కింద పెచ్చులూడుతోంది. "ఏం రా ఇంజనీర్ సాబ్, పండగొస్తున్నది, ఏం జేద్దాం?" అన్నాడు పెద్దనాయన. అప్పుడే మెటీరియల్స్ పరీక్ష రాసి ఉన్నాను కదా, వెంటనే చెప్పేశా: పాత సున్నమంతా గీకేసి సిమెంటు ప్లాస్టర్ చేయిద్దామని. నాలుగు రోజుల్లో పని అయిపోయింది. పెయింట్ కూడా వేశాం. బోనాలకి వచ్చిన చుట్టాలందరూ మెచ్చుకున్నారు. కాలర్ ఎగరేశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

దసరాకి వెళ్తే గోడ ఉబ్బి ఉంది. చెమ్మ ఇదివరకు మోకాలి దాకా ఉండేది, ఇప్పుడు నడుము దాకా ఎక్కింది. వేలితో తడితే డొల్ల శబ్దం. ఒక ముక్క లాగితే వెనక తెల్లగా ఉప్పు.

పెద్దనాయన ఒక ముసలి మేస్త్రీని పిలిపించాడు. ఆయన గోడని చూళ్ళేదు, నన్ను చూశాడు. "గోడకు ఊపిరి బంద్ జేసినవ్ బిడ్డా" అన్నాడు. అదేదో కవిత్వం అనుకున్నా. తర్వాత చదివితే సైన్సే. పాత ఇళ్ళ పునాదిలో చెమ్మని ఆపే పొర ఉండదు. నేల తడి రాతిలోంచి, సున్నంలోంచి పైకి పాకుతుంది. డంగు సున్నం పూత ఆ తడిని బయటికి ఆరనిస్తుంది. గట్టి సిమెంటు ఆరనివ్వదు, తడి ఇంకా పైకి పోతుంది. దాంతోపాటు వచ్చిన లవణాలు పూత వెనక గడ్డకట్టి దాన్ని తోస్తాయి. సున్నం మాత్రం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడుతుంది. ఆ నిదానం మనకి నచ్చదు, అంతే.

ఆ మేస్త్రీ ముందు గోడ ముట్టలేదు. డాబా ఎక్కాడు. వాన గొట్టం పగిలి నీళ్ళన్నీ గోడ మొదట్లోనే పడుతున్నాయి. పిట్టగోడలో రావి మొక్క. నేను పీకబోతే చెయ్యి పట్టుకున్నాడు, వేరుతోపాటు రాళ్ళు కూడా వస్తాయట. పాత ఇల్లున్న దోస్తులకి నేను చెప్పగలిగింది ఇదే: ముందు నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి, గోడ సంగతి తర్వాత.

అసలు గొడవ డబ్బు దగ్గర వచ్చింది. సిమెంటు పీకించి మళ్ళీ సున్నం వేయించడానికి మొదటి పనికన్నా చాలా ఎక్కువ అడిగాడు మేస్త్రీ. అదే నెలలో అపార్ట్‌మెంట్ కడతానని ఒకాయన రెండోసారి వచ్చిపోయాడు. నేనేమో పెద్దనాయనకి చట్టాలు చెప్పా. 1995లో హుడా నిబంధనల్లో 13వది చేర్చి నగరంలోని పాత కట్టడాలకి జాబితా పెట్టారని, అందులో ఉన్నవాటిని కూల్చాలన్నా మార్చాలన్నా ముందు అనుమతి కావాలని, 2015లో ఆ నిబంధన తీసేశారని, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చిందని. మన ఇల్లు కూడా అట్లాంటి జాబితాలో ఉంటే బాగుండేదని అన్నాను.

పెద్దనాయన అంతా విని, "జాబితల ఎక్కితే ఇల్లు నాదే, సుత్తి నాది గాదు. మంచిదే. మరి సున్నం పైసలు ఎవలిస్తరు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఇక్కడికి దగ్గర్లోనే చౌమహల్లా ఉంది. అందంగా బాగుచేశారు, 2010లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. కానీ దానికి టికెట్ ఉంది. మా ముందుగది చూడ్డానికి టికెట్ ఎవరు కొంటారు? చార్మినార్ మినార్ నుంచి 2019 మేలో పూత ముక్క ఊడిపడితే దేశమంతా వార్త. మా పెచ్చులు పెద్దమ్మ చీపురుకే తెలుసు.

నా ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ ఇస్తానంటే పెద్దనాయన ముందు తిట్టాడు, తర్వాత సగం తీసుకున్నాడు. ఒక్క గోడకే సరిపోతుంది. వానాకాలం పోయింది, పాత నీళ్ళ డ్రమ్ములో సున్నం నానుతోంది. ప్రతి ఆదివారం వెళ్ళి కర్రతో కలుపుతున్నా. అపార్ట్‌మెంట్ ఆయనకి ఉగాది దాకా ఆగమని చెప్పాడట పెద్దనాయన. ఎందుకు ఆగమన్నాడో నేను అడగలేదు.